వలసవోయిన పదము

జగ్గయ్యపేట, నందిగామల మెట్టపొలము దాటి తూర్పుగా డెల్టాలోనికి దిగినచో కృష్ణాజిల్లాలో మొవ్వ యను గ్రామము కలదు. క్షేత్రయ్య పదములలోని మువ్వగోపాలుడు ఆ యూరి వేణుగోపాలస్వామియే యని మనవారి విశ్వాసము. ఆ మువ్వ వేరొక సీమలోనిదని వాదించినవారును లేకపోలేదు. కాని నాట్యమునకు పుట్టినిల్లయిన కూచిపూడి మొవ్వకు పొరుగుననే యుండుట చూడగా, నాకు మనవారి మాటయే సమంజసముగా తోచును.

క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. అసలు పేరు వరదయ్య యనియు, క్షేత్రములు తిరిగినందున క్షేత్రయ్య యయ్యెననియు ఐతిహ్యము. ఆయన జీవితమునుగూర్చి కథలు పుష్కలము, ఆధారములు స్వల్పము. నమ్మదగిన సాక్ష్యము ఆయన పదములలోనే యొకటి కలదు. మధుర తిరుమలనాయకుని యెదుట 2000, తంజావూరు విజయరాఘవనాయకుని యెదుట 1000, గోలకొండ పాదుషా యెదుట 1500 పదములు చెప్పితినని అందాయన లెక్క చెప్పికొనెను.

తెలుగుకవి దక్షిణమునకేల పోయెను? 1565లో తళ్లికోట యుద్ధముతో విజయనగర వైభవము క్షీణింపగా, తెలుగు సరస్వతి నాయకరాజుల కొలువులను చేరెను. విజయరాఘవుడు స్వయముగా తెలుగు యక్షగానకర్త. పరదేశమైనను అచట తెలుగు రాజభాష.

ఇట్టి వలస యితర దేశములందును కలదు. మొరేవియన్ క్రైస్తవసంఘమునకు చెందిన యోహాన్ ఫ్రెడరిక్ పీటర్ హాలండులో 1746లో జన్మించి, 1770లో అమెరికా చేరెను. 1789లో అయిదేసి తంత్రీవాద్యములకు ఆరు కృతులు రచించెను. ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతులను సంఘమువారు భద్రపరచిరి. చిరకాలము మరుగుపడియున్న ఆ సంగీతమును 20వ శతాబ్దిలో వాద్యకారులు ఆ కాగితములు చూచి మరల వాయింపగలిగిరి.

మన క్షేత్రయ్యకు ఆ భాగ్యము లేదు. 4500 పదములలో నేడు దొరకునవి మూడువందల పైచిలుకే. 1904లో ఎట్టయపురమున సుబ్బరామదీక్షితులు ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శినిలో కొన్నింటికి స్వరములు కలవు. తక్కిన వరుసలు నిలిచినది స్త్రీల కంఠములందు. తమిళదేశమున వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త, బాలసరస్వతి వానిని ప్రాణముగా కాపాడిరి. మన కోస్తాలోను కళావంతులు మేజువాణులలో పాడి యభినయించిరి. దేవాలయములకు బాలికల నర్పించుటను 1947 నాటి మద్రాసు శాసనము మాన్పించెను. అది న్యాయమే. కాని ఆ వృత్తితోపాటు పాటకు నిలువనీడయు పోయెను. ఆ స్త్రీలకు మనము చెల్లింపవలసిన కృతజ్ఞతయు మిగిలిపోయెను.

తెలుగు తరగతిలో పదకవిత్వము బోధించు ఉపాధ్యాయులకు నాదొక మనవి. సాహిత్యమునకు అర్థము చెప్పిన పిమ్మట, బృంద, ముక్తల ధ్వనిముద్రణ మొకటి విద్యార్థులకు వినిపింపుడు. కంటితో అరనిమిషమున చదివి ముగించు పల్లవి, వారి విలంబకాలమున ఎంతకును తెమలదు. నాయిక అలుక, ఎత్తిపొడుపు, లోలోపలి బెంగ ఆ మధ్యనే వినవచ్చును.