గోడ పగుల్లో గోమారి

వానలు పట్టిన పది పదిహేను రోజులకే బోధన్, ఎడపల్లి, రెంజల్ వైపు పశువుల డాక్టర్లకు ఊపిరాడదు. ఫోన్లో అవతలి నుంచి వచ్చే మాట తరచుగా ఒకటే. "సారూ, జెర్సీ ఆవు గడ్డి ముడ్తలేదు. ఒళ్లు కాలిపోతున్నది." డాక్టరు వచ్చి థర్మామీటరు పెడితే 106 డిగ్రీలు. భుజం ముందు తడిమి చూస్తే చర్మం కింద గడ్డ చేతికి తగులుతుంది. చెవి మడతలో, తోక కింద, పొదుగు పక్కన రక్తం తాగి ఉబ్బిన గోమార్లు. రైతు ఎండ తగిలిందంటాడు, కొత్త గడ్డి పడలేదంటాడు. గోమార్ల సంగతి మాత్రం ఎత్తడు. పశువు అన్నాక గోమారి ఉండదా అని ఆయన లెక్క.

డాక్టరు చెవి నరాన్ని సూదితో గుచ్చి, చుక్క రక్తాన్ని గాజు పలక మీద పలచగా లాగి ఆరబెడతాడు. దానికి జీమ్సా రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్ర కణాల లోపల సన్నటి ఉంగరాలు కనిపిస్తాయి. ఆ ఉంగరాల రూపంలో కనిపించే జీవి పేరు థైలేరియా యాన్యులేటా. ఒంటి మొత్తానికీ ఒకే ఒక్క కణం ఉన్న ప్రొటోజోవా పరాన్నజీవి. ఎర్ర కణాల్లోకి రాకముందే అది తెల్ల కణాల్లో చేయాల్సిన నష్టమంతా చేసి ఉంటుంది. తెల్ల కణంలో దూరి, ఆ కణం క్యాన్సర్ కణంలాగా అదుపులేకుండా విభజన చెందేలా చేస్తుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా లోపలి పరాన్నజీవి కూడా రెండు వైపులా పంచుకుని పోతుంది. బుపార్వక్వోన్ మందుతో దాన్ని చంపేస్తే ఆ కణం మళ్లీ బుద్ధిగా మామూలు కణమైపోతుంది. క్యాన్సర్ పరిశోధకులు ఈ పశువుల జబ్బును ఆసక్తిగా చదివేది అందుకే.

ఇంతకీ ఇది ఆవులోకి వచ్చిన దారి ఏది? హయలోమా జాతి గోమారి. ఈ గోమారి బతుకంతా పశువు మీదే గడవదు. ఒక దశలో రక్తం తాగి రాలిపోతుంది, కొట్టం గోడ పగుల్లోకి దూరి కుబుసం విడుస్తుంది, తర్వాతి దశలో ఇంకో పశువును పట్టుకుంటుంది. పిల్ల దశలో జబ్బు పశువు రక్తంతో పాటు మింగిన థైలేరియాను పెద్దయ్యాక మంచి పశువుకు ఎక్కిస్తుంది. గుడ్ల ద్వారా మాత్రం తర్వాతి తరానికి పోదు. అంటే జబ్బు మధ్యలో మకాం వేసేది గోడలో. పశువు మీద మందు చల్లి ఊరుకుంటే సగం పనే. పగుళ్లు పూడ్చి, గోడకు సున్నం కొట్టి, గాబు కింద, గుంజ మొదట్లో కూడా మందు పడితేనే మిగతా సగం. ఆవుకు పెట్టే ఖర్చులో పదో వంతు గోడకు పెట్టమంటే మాత్రం ఎవరికీ చెయ్యి రాదు.

దేశవాళీ పశువు ఈ గోమారితో తరతరాలుగా కలిసి బతికింది. జ్వరం వచ్చినా చాలాసార్లు తట్టుకుని నిలబడుతుంది. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసిన సంకరజాతి ఆవుకు ఆ ఓర్పు లేదు. పాల లెక్క చెప్పి సంకరజాతిని ఇంటింటికీ చేర్చినవాళ్లు గోమార్ల లెక్క అంత గట్టిగా చెప్పలేదనే నాకనిపిస్తుంది. దీనికి టీకా ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 'రక్షవ్యాక్-టి' పేరుతో తయారు చేసింది. కానీ అందులోవి బతికున్న కణాలు, ద్రవ నైట్రోజన్‌లో ఉంచి తేవాలి. ఎద సూదికి వీర్యం తెచ్చే డబ్బా లాంటిదే కావాలన్నమాట. వీర్యం ఊరూరికీ చేరినంత సులువుగా టీకా చేరలేదు.

గోమారి మోసే ఇంకో జబ్బు ఎర్ర మూత్రం. బబేసియా అనే జీవి ఎర్ర కణాలను పగలగొడితే మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఇక్కడ గోమారి రకం వేరు, పద్ధతీ వేరు. ఇది పిల్ల దశ నుంచి పెద్దయ్యే దాకా ఒకే పశువు మీద ఉంటుంది, జబ్బును గుడ్లలోకి కూడా పంపుతుంది. తల్లి గోమారి తాగిన రక్తానికి పిల్ల గోమారి కాటుతో ఇంకో పశువు మూల్యం చెల్లిస్తుంది. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ దీన్ని నిరూపించారు. ఒక కీటకమో, దాని దాయాదో జబ్బును మోస్తుందని ప్రయోగంతో తేల్చిన తొలి సందర్భాల్లో అది ఒకటి. అక్కడి పశువుల కాపరులు గోమార్ల మీదే అనుమానమని అంతకు ముందు నుంచీ చెబుతున్నా, చదువుకున్నవాళ్లు నవ్వి ఊరుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూశాడు. అది 1897 ఆగస్టు 20. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి, దోమలతో కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. అలా రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా జీవి గుండ్లు కనిపించాయి. అక్కడి నుంచి దోమ నోటిదాకా అది ఎలా చేరుతుందో రాస్ మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద తేల్చుకున్నాడు. పిచ్చుకలు సాయపడకుంటే 1902 నోబెల్ బహుమతి ఎవరికి వెళ్లేదో!

రాస్ వెళ్లిపోయిన పాతికేళ్లకు మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైంది. 1923 నుంచి 1931 దాకా కట్టారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్‌లో. కాలువ నీళ్లు పారాయి, చెరుకు వచ్చింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడ్డాక చెరుకు తగ్గి వరి పెరిగింది. పంట మారినా నీళ్లు మాత్రం నిలిచే ఉన్నాయి. మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ దోమ కాలువ గట్టు ఊట నీళ్లలో, అప్పుడే నాటేసిన మళ్లలో గుడ్లు పెడుతుంది. పైరు ఏపుగా పెరిగి నీటిని కప్పేశాక అక్కడికి రాదు. కాబట్టి దానికి అదను నాట్ల రోజులే.

ఈ దోమకు మనిషి కంటే పశువంటేనే ఇష్టం. మనిషి మలేరియా పశువులో బతకదు గనక, వాకిట్లో కట్టేసిన బర్రె కొన్ని కాట్లు తన మీద వేసుకుంటుందని ఒక వాదన. పశువులు ఎక్కువైతే దోమకు తిండి పెరిగి దోమలే పెరుగుతాయని ఇంకో వాదన. రెంటికీ రుజువులున్నాయి. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చిన ఊళ్లో ఆ దోమ ఎవరింటి తలుపు తట్టాలి? మలేరియా బాగా తగ్గి డెంగీ భయం పెరిగిన ఈ రోజుల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయడం లేదు.

అన్ని జబ్బులకూ కాటే అక్కర్లేదు. పుట్టిన రెండు మూడు వారాల లేగదూడ పచ్చగా, నీళ్లలా పారుకుంటే అందులో క్రిప్టోస్పోరిడియం ఉండవచ్చు. దాని గుడ్డు మిల్లీమీటరులో రెండు వందలో వంతు. క్లోరిన్‌కు చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన కుళాయి నీళ్లు తాగి దాదాపు 4 లక్షల మంది మంచాన పడ్డారు. అయితే లేగదూడను అతిగా నిందించడం కూడా తప్పే. మన దేశంలో పసిపిల్లల్లో ఎక్కువగా దొరికేది మనిషి నుంచి మనిషికి పాకే రకం. పేడ కుప్ప పక్కన బోరింగు ఉన్న ఇంట్లో నీళ్లు మరిగించి తాగితే రెండు రకాలూ చస్తాయి.

నవీపేట మేకల సంతలో ఒక్క పూటలో ఎన్ని ఊళ్ల మందలు కలుస్తాయో చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. సూడి మేక ఈసుకుపోయిందంటే కారణాలు చాలా ఉండొచ్చు, వాటిలో టాక్సోప్లాస్మా ఒకటి. ఇది పిల్లి పేగుల్లో మాత్రమే గుడ్లు పెట్టగలదు. పిల్లి కూన తొలిసారి జబ్బుపడ్డప్పుడు వారం పది రోజుల పాటు లక్షల్లో వదులుతుంది. అవి మట్టిలో ఒకటి నుంచి అయిదు రోజులు పక్వమయ్యాకే అంటుకుంటాయి. మేక మేతలో ఆ మట్టి చేరితే మేకకు, సగం ఉడికిన మటన్ తింటే మనిషికి. గర్భిణికి మొదటిసారి సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. మేక ఈసుకుపోయినప్పుడు మావిని వట్టి చేతులతో తీసే అలవాటు ఇక్కడ ఇంకా ఉంది. అందులో టాక్సోప్లాస్మా లేకున్నా బ్రుసెల్లా ఉండొచ్చు. చేతులకు తొడుగు వేసుకోమని చెప్పడానికి జబ్బు పేరు తెలియక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం సర్రా అనే జబ్బు. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు చచ్చిపోతున్న గుర్రాలు, ఒంటెల రక్తంలో మెలికలు తిరుగుతూ ఈదే జీవిని చూశాడు. దానికి ఆయన పేరే పెట్టారు, ట్రిపనోసోమా ఇవాన్సీ. దీన్ని మోసేది జోరీగ. దోమలో మలేరియా జీవి పది రోజులకు పైగా పెరిగి మారాలి. జోరీగలో ఇది పెరగదు, మారదు. ఎద్దు తోకతో కొడితే తాగడం సగంలో ఆపి పక్క ఎద్దు మీద వాలుతుంది, మూతికి అంటిన తడి రక్తంతోనే పని అయిపోతుంది. ఆ రక్తం ఆరేలోగా పక్క పశువు దొరికితే చాలు. 2000 జులైలో భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్ జంతు ప్రదర్శనశాలలో పదికి పైగా పులులు చనిపోయింది ఈ జబ్బుతోనే.

మనిషికి ఇది రాదనే చదువుకున్నాం. మన రక్తంలో అపోల్1 అనే ప్రొటీన్ ఉంటుంది, అది ఈ జీవిని పగలగొట్టేస్తుంది. 2004లో ఆసిఫాబాద్ సరిహద్దు అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో పశువులు పెంచే ఒక రైతుకు తగ్గీ తగ్గని జ్వరం. రక్తపు పలక చూస్తే ఈ జీవి ఈదుతోంది. సరిగ్గా రుజువైన మొదటి మనిషి కేసు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా సురామిన్ మందు తెప్పించి ఇస్తే కోలుకున్నాడు. తర్వాత ఊరివాళ్ల రక్తం పరీక్షించారు. కొందరిలో జబ్బు తగిలిన ఆనవాళ్లు దొరికాయి గానీ, ఆ జీవి ఎవరి రక్తంలోనూ కనిపించలేదు. ఆ రైతు జన్యువుల్లో లోపం వల్ల అపోల్1 అసలు తయారు కావడం లేదని 2006లో తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎక్కడో ఒకరికి ఉండే లోపం కదా అని.

2015లో దక్షిణ వియత్నాంలో ఒక మహిళకు ఇదే జబ్బు వచ్చింది. పచ్చి గొడ్డు మాంసం కోసేటప్పుడు చేతి గాయం గుండా ఎక్కి ఉండొచ్చని డాక్టర్ల అనుమానం. ఆమె రక్తంలో అపోల్1 ఉండాల్సినంత ఉంది.