దూరతీరపు వార్త, స్వగ్రామపు రాజకీయము

చంద్రగిరి ప్రాంతపు పల్లెలో రచ్చబండపై కూర్చున్న వృద్ధుడు, తన నియోజకవర్గపు సంగతిని తిరుపతి నుండి వచ్చు దినపత్రికకంటె ముందుగా, అమెరికాలోని కుమారుడు పంపగా సెల్‌ఫోనులో చదువుకొనుచున్నాడు. సాధనము నూతనమే గాని సంప్రదాయము నూతనము కాదు: 1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో వెలువడిన గదర్ పత్రిక సముద్రముల కావలినుండి స్వాతంత్ర్యాగ్నిని రగిల్చినది, ఆ గదర్ ఉద్యమమున తెలుగువాడైన దరిశి చెంచయ్యయు భాగస్వామియే.

1977లో అమెరికాయందు ఉత్తర అమెరికా తెలుగు సంఘము (తానా) ఏర్పడిన పిమ్మట ప్రవాసాంధ్రులు తొలుత సంస్కృతికై ఏకమైరి. 1998లో అంతర్జాలమున 'ఈమాట' సాహిత్యమునకు వేదికయైనది. అనంతరము 'గ్రేట్ ఆంధ్ర' వంటి వార్తా వేదికలు రాజకీయమును ప్రధానముగా చేపట్టినవి. 2023 సెప్టెంబరు 9న, ఇదే చంద్రగిరి ప్రాంతపు నారావారిపల్లెలో జన్మించిన రాజకీయ నాయకుడు చంద్రబాబు నాయుడు అరెస్టు కాగా, పలు దేశములలోని తెలుగువారి నిరసనల దృశ్యములు అంతర్జాలము ద్వారా మన ఊళ్లకు చేరినవి.

ప్రవాసుల వార్తలు కొన్నిచోట్ల తప్పనిసరి యైనవి: ఎరిత్రియాలో 2001 సెప్టెంబరున ప్రభుత్వము స్వతంత్ర పత్రికలను మూసివేయుటచే ప్రవాసుల వార్తాస్థలములే ప్రజావాణికి శరణ్యములైనవి. మనకట్టి నిర్బంధము లేదు. మన ప్రవాస వార్తా వేదికల లోపము పక్షపాతము.

2010 నాటి చట్టసవరణచే భారత పౌరుడైన ప్రవాసి ఓటరుగా నమోదు కావచ్చును గాని, స్వయముగా వచ్చియే ఓటు వేయవలెను. వార్తకు మాత్రము ఆ ప్రయాణభారము లేదు. కావున పాఠకుడా, దూరము నుండి వచ్చిన మాటను ఊరిలో విచారించి నమ్ముము.