బిల్లు లేని విత్తనం

మే నెలలో రెంటచింతల ఎండ 45 డిగ్రీలు దాటితే పల్నాడులో ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఎండలోనే వ్యవసాయశాఖ, విజిలెన్స్, పోలీసు సిబ్బంది జట్లుగా బయల్దేరి విత్తన దుకాణాలూ గోదాములూ సోదా చేయడం కూడా ఏటా ఉండేదే. వాళ్లు వెతికేది ఒక రకం పత్తి విత్తనం. మామూలు విత్తనానికీ దీనికీ కంటికి కనిపించే తేడా ఏమీ ఉండదు. నాలుగు గింజలు నలిపి నీళ్లలో కలుపుతారు. అందులో సన్నటి కాగితపు పట్టీ ముంచి కాసేపు ఆగుతారు. పట్టీ మీద ఒక గీత పడితే మామూలు సరుకు, రెండు పడితే కేసు.

కాగితాల్లో దాని పేరు హెచ్‌టీబీటీ. రైతుల నోట ‘బీటీ-3’, లేదంటే ‘కలుపుమందు విత్తనం’. దేశంలో ఎక్కడా దీనికి అనుమతి లేదు. గురజాల, మాచర్ల, నరసరావుపేట చుట్టుపక్కల పత్తి వేసేవాళ్లలో దీని గురించి విననివాళ్లు కూడా ఉండరు.

గ్లైఫోసేట్ అనే కలుపుమందు మొక్కలోని ఒక ఎంజైమును పనిచేయనివ్వదు. అది ఆగిపోతే మొక్క తన ప్రొటీన్లకు కావలసిన సరుకు తయారుచేసుకోలేదు. వారం పది రోజుల్లో పసుపెక్కి ఎండిపోతుంది. ఈ మందుకు తనా పరా లేదు. గరికనూ తుంగనూ ఎండబెట్టినట్టే పత్తినీ మిరపనూ ఎండబెడుతుంది. ఆ మందుకు లొంగని ఒక బాక్టీరియా నుంచి విత్తన కంపెనీ మోన్‌శాంటో శాస్త్రవేత్తలు జన్యువు తీసి పత్తిలోకి ఎక్కించారు. ఆ పత్తి చేలో మందు కొడితే కలుపు పోతుంది, పైరు నిలుస్తుంది. కాయతొలిచే పురుగుల కోసం పెట్టిన బీటీ జన్యువులకు ఇది అదనం.

ఇది రైతుకు ఎందుకంత ముద్దో తెలియాలంటే జులై, ఆగస్టు ముసురులో నల్లరేగడి చేలోకి దిగాలి. కాలు పెడితే మడమ దాకా దిగుతుంది, తీస్తే కిలో బంక అంటుకొస్తుంది. అరక కట్టి గుంటక తోలడానికి నేల ఆరదు. ట్రాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాన తెరిపిచ్చేసరికి కలుపు పైరును మించిపోతుంది. తెరిపి దొరకగానే ఊరంతటికీ ఒకేసారి కూలీలు కావాలి. ఆటోలు పక్క ఊళ్లకు పోతాయి, మేస్త్రీలు ఎక్కువ ఇచ్చే చేనికి ముఠాను మళ్లిస్తారు. ఎకరా చేనులో కలుపు ముదిరితే పదిమందైనా వంగి తీయాలి. వీపున పంపు తగిలించుకున్న ఒక్క మనిషి అదే ఎకరాను ఒక పూటలో ముగిస్తాడు. కౌలు ముందే కట్టి, ఎరువులు అరువు తెచ్చి, పత్తి ధర ఎంత పలుకుతుందో తెలియని రైతుకు ఈ లెక్క అర్థం కావడానికి శాస్త్రవేత్త చెప్పక్కర్లేదు. వాడినవాళ్లందర్నీ దురాశాపరులనడం చేను చూడని మాట.

ఆ వంగిన పదిమందీ ఎవరన్నది రెండో సంగతి. కలుపు తీత దాదాపుగా ఆడవాళ్ల పని. సొంత భూమి లేని ఇళ్లలో పిల్లల ఫీజులకూ పొదుపు సంఘం వాయిదాలకూ కలిసొచ్చేది ఆ కూలి డబ్బే. మందు పిచికారీ మాత్రం మగవాళ్ల పని. ఒక విత్తనం మారితే ఊళ్లో ఒక రకం కూలి ఆడవాళ్ల చేతిలోంచి జారి, అందులో కొంత మగవాళ్ల చేతికీ మిగతాది మందుల దుకాణానికీ చేరుతుంది. కూలీలు దొరకడం లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదంటారు రైతులు. కలుపు రోజుల్లో అది నిజమే కావచ్చు. పత్తి తీతకూ మిరప కోతకూ మాత్రం ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలు గుంటూరు, పల్నాడు ఊళ్లకు వలస వస్తున్నాయంటే రాష్ట్రంలో పనికి చేతులు తక్కువేం లేవు. ఆ వారం, ఆ ఊళ్లో, ఆ కూలికి దొరకడం లేదంతే. మరోవైపు నుంచి చూస్తే, రోజంతా బురదలో నడుం వంచి చేసే పనిని ఎప్పటికీ అలాగే ఉంచాలని కోరే హక్కు కూడా ఎవరికీ లేదు. ఆ పని పోతే వచ్చే పనేమిటన్నదే అడగాల్సింది. హెచ్‌టీబీటీ మీద జరిగిన ఏ చర్చలోనూ ఆ కూలీలను కూర్చోబెట్టి ఈ మాట అడిగినట్టు కనిపించదు.

ఆరోగ్యం మీద శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 మార్చిలో గ్లైఫోసేట్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న కోవలో చేర్చింది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ అలా అనుకోవడం లేదు. మోన్‌శాంటోను కొన్న బేయర్ కంపెనీ అమెరికాలో ఈ మందు మీద పడిన వేలాది దావాలు తెంచుకోవడానికి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఇస్తామని 2020లో ప్రకటించింది. పల్నాడులో ఇంకో గొడవ ఉంది. ఇక్కడ పత్తి పక్కనే మిరప ఉంటుంది. సాయంత్రం గాలి మళ్లితే ఒకరు కొట్టిన మందు గట్టు దాటి ఇంకొకరి మిరప ఆకుల మీద పడుతుంది. ఎకరాకు లక్షలు పెట్టిన మిరప రైతు అప్పుడు ఎవర్ని అడగాలి?

మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి ఉన్నది తేయాకు తోటలకూ పంట లేని నేలలకే. 2018లో తెలుగు రాష్ట్రాలు రెండూ దాని అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. తెగుళ్ల నివారణకు లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. తేయాకు ఒక్క మొక్కా లేని పల్నాడుకు మొదట చెప్పిన ఆ అనుమతి ఎంత వర్తిస్తుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. 2002 మార్చిలో జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ జీఈఏసీ మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. అంతకుముందు ఏడాదే గుజరాత్‌లో నవభారత్-151 అనే రకం అనుమతి లేకుండా వేల ఎకరాల్లో బయటపడింది. అంటే చట్టం కంటే విత్తనం ముందు నడవడం ఇదే మొదటిసారి కాదు. అనుమతి పొందిన మొదటి రకాలు వరంగల్ జిల్లాలో దెబ్బతీస్తే అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కట్టమని వాటిని అమ్మిన కంపెనీని నిలదీసింది. 2005లో ఆ మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. 450 గ్రాముల ప్యాకెట్ ధర రూ.1,850 దాకా పోయి, అందులో రూ.1,250 జన్యువు రుసుమే అని తేలినప్పుడు, రఘువీరారెడ్డి వ్యవసాయ మంత్రిగా ఉండగా రాష్ట్రం 2006లో గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లింది. ఆ ఏడాది ఖరీఫ్‌కే ప్యాకెట్ రూ.750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల ధరల మీద రాష్ట్రం సొంత చట్టం తెచ్చుకుంది. కేంద్రం దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు ఇవ్వడానికి 2015 డిసెంబరు దాకా పట్టింది. మన వ్యవసాయ చరిత్రలో ప్రభుత్వ నియంత్రణ రైతు పక్షాన పనిచేసిన ఘట్టాల్లో ఇదొకటి.

హెచ్‌టీబీటీ దగ్గరికొచ్చేసరికి ఆ చురుకు లేదు. రాయల్టీ వివాదాల మధ్య మోన్‌శాంటో 2016లో తన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. అప్పటికే విత్తనం బయటికి పొక్కింది. 2017లో కేంద్రం వేసిన క్షేత్ర పరిశీలన కమిటీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్‌లలో దాదాపు 15 శాతం పత్తి విస్తీర్ణంలో ఇది ఉందని తేల్చింది. 2019 జూన్‌లో మహారాష్ట్రలోని అకోలా జిల్లాలో షేత్కరీ సంఘటన అనే రైతు సంఘం వాళ్లు బహిరంగంగా విత్తి ఏం చేసుకుంటారో చేసుకోమన్నారు. ఇన్నేళ్లూ ప్రభుత్వం ఔననీ అనలేదు, కాదని ఆపనూ లేదు. అనుమతి లేని జన్యు విత్తనం మీద పర్యావరణ పరిరక్షణ చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం దాన్ని రూ.10 వేల నుంచి రూ.15 లక్షల దాకా జరిమానాగా మార్చింది.

ఈ ఊగిసలాట భారం మోసేది రైతే. దొంగ విత్తనానికి బిల్లు ఉండదు, లేబుల్ మీద అసలు పేరు ఉండదు, మొలకశాతం పరీక్షించినవాడు ఉండడు. సరుకులో మామూలు గింజలు కలిసి ఉంటే ఆ సంగతి కలుపుమందు కొట్టాక, సాళ్లలో సగం మొక్కలు పసుపెక్కాకే బయటపడుతుంది. అప్పుడు ఫిర్యాదు చేస్తే ముందు అడిగేది నువ్వెందుకు వేశావనే. సక్రమంగా కొన్నవాడి స్థితి వేరు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేననీ, నష్టపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చుననీ 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఆ కేసు గెలిచింది ఆంధ్రప్రదేశ్ రైతులే.

అనుమతి ఇస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడానికీ లేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇదే రకం పత్తి వేసినవాళ్లు ఏటా ఒకే మందు కొట్టి కొట్టి, 2005 నాటికి దానికి చావని తోటకూర జాతి కలుపును తయారుచేసుకున్నారు. ఆ తర్వాత చాలా పొలాల్లో మళ్లీ మనుషుల చేత కలుపు పీకించారు. గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2 అనే బీటీ పత్తికి అలవాటు పడటం మన రైతులు చూశారు కాబట్టి ఇది వాళ్లకు కొత్త పాఠం కాదు.

అందుచేత జీఈఏసీ ముందున్న పని ఒకటే: పరీక్షలు బహిరంగంగా పూర్తిచేసి, ఔనో కాదో కారణాలతో సహా చెప్పడం. కాదంటే, ముసురులో కూడా నడిచే చిన్న కలుపు యంత్రాలు రైతు సేవా కేంద్రాల ద్వారా అద్దెకు అందించాలి. ఔనంటే, పక్క చేనుకు నష్టం జరిగితే ఎవరు కట్టాలో ముందే రాయాలి. ఈలోగా దాడులు రైతు గుమ్మం ముందు కాదు, సరుకు తయారయ్యే చోట జరగాలి.

పత్తి వేసే రైతులు చేయగలిగింది ఒకటుంది. 2025-26లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్ గరిష్ఠ ధర రూ.901గా ఉండేది. ఆ ఏడాది గరిష్ఠ ధరకు మించి అడిగినా, బిల్లు ఇవ్వనన్నా మండల వ్యవసాయాధికారికి చెప్పండి. బిల్లు, లేబుల్, ఖాళీ ప్యాకెట్, అందులో గుప్పెడు గింజలు ఆఖరి పత్తి తీత దాకా దాచండి. పంట పోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడానికి అవే సాక్ష్యం.