మీకు తెలుసా? రేడియోలో ఐస్ హాకీ
కెనడాలో ఐస్ హాకీ రేడియోకెక్కి నూరేళ్లు దాటింది. 1923 ఫిబ్రవరి 8న టొరంటోలో ఒక మ్యాచ్ చివరి భాగాన్ని నార్మన్ ఆల్బర్ట్ వినిపించాడు. మార్చి 14న రెజైనాలోని సీకేసీకే అనే ప్రాంతీయ స్టేషన్ కోసం పీట్ పార్కర్ ఒక ప్రొఫెషనల్ మ్యాచ్‌ను మొదటి నుంచి చివరి దాకా వర్ణించాడు. అదే ఏడాది మైకు పట్టిన ఫాస్టర్ హెవిట్ గొంతు దశాబ్దాల పాటు దేశమంతా మోగింది.

క్రికెట్ వ్యాఖ్యాతకు బంతికీ బంతికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఐస్ హాకీలో అది దొరకదు. మూడంగుళాల రబ్బరు పక్ గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోగలదు. ఆట ఆగకుండానే ఆటగాళ్లు మారిపోతుంటారు. పక్ ఎవరి కర్ర మీద ఉందో, మైదానంలో ఏ మూలకు చేరిందో ఆ క్షణమే చెప్పాలి. అందుకే మంచు మీది గీతలు వ్యాఖ్యాతకు పెద్ద ఆసరా: ‘నీలి గీత దాటింది’ అంటే చాలు, దాడి మొదలైందని శ్రోత గ్రహిస్తాడు. మిగతాది స్కేట్ల గరగర, జనం హోరు చెప్పేస్తాయి.

టీవీ వచ్చినా ఈ ప్రసారాలు ఆగలేదు. ప్రెయిరీ గడ్డిమైదానాల్లో దూరదూరంగా ఉండే ఊళ్లలో జూనియర్ జట్ల మ్యాచ్‌లను స్థానిక స్టేషన్లు వినిపిస్తూనే వచ్చాయి. ఊరి కుర్రాడి పేరు జాతీయ టీవీ కన్నా ముందు వినిపించేది అక్కడే.