కడసారి చూపు

తెలుగునాట ‘దింపుడు కళ్లం ఆశ’ అనే నుడికారం చిరకాలంగా వాడుకలో ఉన్నది. శవాన్ని శ్మశానానికి మోసుకొనిపోయేటప్పుడు దారిమధ్యలో పాడెను ఒకచోట దించుతారు. దగ్గరి బంధువు ఒకరు వంగి, మరణించిన వ్యక్తి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే ఆ పిలుపునకు పలుకుతుందేమోనన్నది ఆ ఆచారంలోని ఆశ. పలకదని పిలిచేవారికీ తెలుసు. అయినా పిలుస్తారు. ఆ తరువాతనే పాడె ముందుకు కదులుతుంది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాధితో కన్నుమూసిన లెక్కలేనంతమందికి ఆ పిలుపు దక్కలేదు. వ్యాధి శరీరాన్ని ఎట్లా బాధించిందో వైద్యగ్రంథాలు చెబుతాయి. అది మనిషికీ మనిషికీ మధ్య ఉన్న బంధాన్ని ఎక్కడెక్కడ తెంచిందో తెలియాలంటే మాత్రం రోగుల అనుభవాలను, వారిని పోగొట్టుకొన్న కుటుంబాల అనుభవాలను పరిశీలించాలి.

భారతదేశంలో తొలి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని ప్రపంచవ్యాప్త మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. అంత్యక్రియలకు 20 మందికి మించి హాజరు కారాదన్న నిబంధన కూడా ఆ ఉత్తర్వులలోనే ఉన్నది. ఆనాటికి ఆ వాక్యాన్ని శ్రద్ధగా చదివినవారు తక్కువ.

వ్యాధి రాక చాలామందికి వంటింట్లో తెలిసింది. పొయ్యిమీద ఇంగువ పోపు చిటపటలాడుతున్నా వాసన రాదు. కాఫీ డికాక్షను వేడినీళ్లవలె తోస్తుంది. జలుబు లేదు, ముక్కు మూసుకొనిపోలేదు, అయినా ఘ్రాణశక్తి ఒక్కరోజులో మాయమవుతుంది. వాసనను గ్రహించే నాడీకణాలను వైరస్ నేరుగా నాశనం చేయదనీ, వాటిని ఆనుకొని పోషించే సహాయక కణాలలో ప్రవేశిస్తుందనీ పరిశోధకులు గుర్తించారు. అందువల్లనే అధికసంఖ్యాకులకు కొన్ని వారాలలో వాసన తిరిగి వచ్చింది. కొందరికి వచ్చినా వికృతమై వచ్చింది. ఇష్టమైన కూర కుళ్లిన వాసన కొట్టేది. ప్రాణాంతకం కాదు గనుక ఇది చిన్న బాధగా కనిపించవచ్చు. కాని నెలల తరబడి అన్నం సహించని మనిషికి అది చిన్నది కాదు.

అసలు ప్రమాదం ఊపిరితిత్తులలో ఉన్నది. అక్కడ వ్యాధి ప్రవర్తించిన తీరు అనుభవజ్ఞులైన వైద్యులను సైతం విస్మయపరిచింది. రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరస్థాయికి పడిపోయినా కొందరు రోగులు ఆయాసం లేకుండా మాట్లాడుతుండేవారు, ఫోను చూసుకొంటుండేవారు. దీనికి కారణం శరీరధర్మంలోనే ఉన్నది. ఊపిరాడని బాధ ప్రధానంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు కలుగుతుంది. ఈ వ్యాధి తొలిదశలో ఊపిరితిత్తులు ఆ వాయువును బయటికి పంపగలుగుతూనే, ప్రాణవాయువును లోనికి తీసుకోలేకపోయేవి. కాబట్టి దేహం ప్రమాదఘంటిక మోగించేది కాదు. పగలంతా బాగానే ఉన్న తండ్రి రాత్రికి రాత్రి కుప్పకూలిపోయాడని ఎన్నో కుటుంబాలవారు చెప్పిన మాటలో అతిశయోక్తి లేదు. బాగున్నట్లు కనిపించడమే ఆ వ్యాధి చేసిన మోసం.

ఆ మోసాన్ని పట్టుకొన్న పరికరం పల్స్ ఆక్సీమీటరు. వేలికి తగిలించే ఈ చిన్న పరికరం ఎరుపు కాంతిని, పరారుణ కాంతిని చర్మం గుండా పంపుతుంది. ప్రాణవాయువుతో నిండిన రక్తం, అది లేని రక్తం ఈ రెండు కాంతులను వేరువేరు పాళ్లలో పీల్చుకొంటాయి. ఆ తేడాను బట్టి శాతం లెక్కకట్టబడుతుంది. 94 కంటె తగ్గితే వైద్యసహాయం పొందాలన్నది ఆనాడు ఇంటింటా వినిపించిన సూచన. అంతకుముందు ఆసుపత్రులకే పరిమితమైన ఈ వస్తువు సామాన్య గృహాలలో జ్వరమానినితోపాటు అలమరలో చేరింది. దీని సూత్రాన్ని 1970 దశకంలో కనిపెట్టినవారు జపాను శాస్త్రవేత్త తకుఓ అఓయాగి. తన పరికరం ప్రపంచమంతటా ఎక్కువగా అవసరమైన తరుణంలోనే, 2020 ఏప్రిల్‌లో ఆయన మరణించారు.

శాతం తగ్గిన రోగి ఆసుపత్రికి బయలుదేరిన క్షణమే చాలా కుటుంబాలకు వీడ్కోలు క్షణమయింది. అది వీడ్కోలని అప్పటికి ఎవరికీ తెలియదు. అంబులెన్సు ఎక్కుతూ చెప్పులు ఎక్కడున్నవో అడగడం, మందుల సంచి మరిచిపోవద్దని చెప్పడం, ఇటువంటివే చివరి మాటలయ్యాయి. మామూలు రోజులలో తెలుగువారి ఆసుపత్రి వాసం ఒంటరి వాసం కాదు. మంచం పక్కన ఒకరు, వరండాలో నలుగురు, క్యారియరుతో అన్నం తెచ్చే మరొకరు ఉండడం రివాజు. కరోనా వార్డులో తోడు నిషిద్ధం. లోపలికి వచ్చే వైద్యులు, నర్సులు నఖశిఖపర్యంతం పీపీఈ కిట్లలో ఉండేవారు. ముఖం కనిపించదు. మాట ముసుగు వెనుకనుండి అస్పష్టంగా వినిపిస్తుంది. ఎవరు వైద్యుడో, ఎవరు పారిశుద్ధ్య కార్మికుడో రోగికి తెలియదు. ఈ ఇబ్బందిని గుర్తించి కొన్ని దేశాలలోని ఆసుపత్రుల సిబ్బంది తమ నవ్వుముఖం ఫొటోను కిట్టుపై ఎదకు అంటించుకొన్నారు. లైబీరియాలో ఎబోలా ప్రబలినప్పుడు మేరీ బెత్ హెఫర్నన్ అనే అమెరికన్ కళాకారిణి ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. ఫొటో ఏ మందూ ఇవ్వదు. కాని ముసుగు వెనుక ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకాన్ని ఇస్తుంది.

ఇంటివారికి మిగిలినది ఫోను ఒక్కటే. నర్సు తన పని మధ్యలో తీరిక చేసుకొని వీడియో కాల్ కలిపితే, ఇంట్లోనివారందరూ చిన్న తెర చుట్టూ మూగేవారు. నోటిలో గొట్టం ఉన్న రోగి పలకలేడు. ఇవతలివారు మాత్రమే మాట్లాడాలి. ఏమి మాట్లాడాలి? ‘బాగైపోతుంది, ఇంటికి వచ్చేస్తావు’ అన్నవారు, తరువాత ఆ అబద్ధం ఆడినందుకు ఏళ్లతరబడి కుమిలిపోయారు. నిజం చెప్పి క్షమాపణ కోరినవారు ఆశను చంపినామేమోనని బాధపడ్డారు. ఎటు చూసినా శాంతి లేదు.

ప్రముఖులకు సైతం ఈ ఒంటరితనం తప్పలేదు. గాయకుడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం 2020 ఆగస్టు 5న చెన్నైలోని ఆసుపత్రిలో చేరుతూ, తనకు వ్యాధి స్వల్పంగానే సోకిందని, ఇంట్లోనే ఉండవచ్చునని వైద్యులు చెప్పినా కుటుంబసభ్యులకు ఇబ్బంది కలుగకూడదని చేరానని ఒక వీడియోలో తెలిపారు. తరువాత కొద్దిరోజులకే స్థితి విషమించి వెంటిలేటరు, ఎక్మో పరికరాల సాయం అవసరమయింది. కుమారుడు చరణ్ తరచుగా వీడియోల ద్వారా తండ్రి స్థితిని ప్రజలకు తెలియజేస్తుండేవారు. సెప్టెంబరు మొదట్లో పరీక్షలో వైరస్ లేదని తేలింది. అభిమానులు సంతోషించారు. అయితే వైరస్ తొలగిపోవడం వేరు, అది చెడగొట్టిన ఊపిరితిత్తులు కోలుకోవడం వేరు. సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. ‘నెగెటివ్ వచ్చింది కదా, మరి ఎందుకు పోయారు?’ అన్న ప్రశ్న ఆ రోజు తెలుగువారి ఇళ్లలో వినిపించింది. అటువంటి మరణాలు చూసిన కుటుంబాలు ఆ ప్రశ్నను ఇప్పటికీ వేసుకొంటూనే ఉన్నాయి.

2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉధృతి వచ్చింది. డెల్టా అనే రూపాంతరం దేశాన్ని చుట్టుముట్టింది. మే మొదటివారంలో రోజుకు 4 లక్షలకు పైగా కొత్త కేసులు నమోదయ్యాయి. అప్పటి దుఃఖం స్వభావమే వేరు. మొదటి ఏడాది ‘చూడలేకపోయాము’ అని విలపించిన కుటుంబాలు, ఈసారి ‘తేలేకపోయాము’ అని విలపించాయి. తేలేకపోయినది పడక, సిలిండరు, ఇంజెక్షను. ప్రాణవాయువు దేశంలో తయారు కాకపోలేదు. అది తయారయ్యే ఉక్కు కర్మాగారాలు ఒకచోట, రోగులు మరొకచోట ఉన్నారు. ద్రవరూపంలోని ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీలకు దిగువన ఉంచే ప్రత్యేక ట్యాంకర్లు చాలినన్ని లేవు. తొలి ‘ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్’ రైలు ముంబయి సమీపం నుండి 7 ఖాళీ ట్యాంకర్లను విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి తెచ్చి, నింపుకొని మహారాష్ట్రకు తిరిగి వెళ్లినది ఆ ఏప్రిల్ నెలలోనే. రైలు వచ్చేదాకా ఆగలేని ఊపిరులు ఎన్నో ఉన్నాయి. తమ చేతిలో లేని కొరతకు తామే బాధ్యులమని భావించి, ‘ఒక గంట ముందు బయలుదేరి ఉంటే’ అని లెక్కలు వేసుకొన్న కొడుకులు, కూతుళ్లు ఊరూరా కనిపిస్తారు.

మరణానంతరం జరిగినదానిని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే అక్కడ వ్యాధి చేసిన అన్యాయం కంటె భయం చేసిన అన్యాయమే ఎక్కువ. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మార్చిలోనే మృతదేహాల నిర్వహణపై మార్గదర్శకాలు వెలువరించింది. సంచి జిప్పును సిబ్బంది ముఖంవరకు తెరిచి బంధువులకు చివరి చూపు చూపవచ్చునని అందులో స్పష్టంగా ఉన్నది. దేహాన్ని తాకకుండా మంత్రాలు చదవడం, పవిత్రజలం చల్లడం వంటి క్రతువులకు అనుమతి ఉన్నది. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం, ముద్దుపెట్టుకోవడం మాత్రమే వద్దన్నారు. చితాభస్మం వల్ల ఏ ప్రమాదమూ లేదని, అస్థులను సేకరించుకోవచ్చునని కూడా చెప్పారు. అంటే చట్టం కడసారి చూపును నిరాకరించలేదు. అయినా చాలాచోట్ల అది దక్కలేదు. మూసిన సంచి మూసినట్లే చితిపైకి చేరింది. లోపల ఉన్నది తమవారేనా అన్న సందేహం కొందరిని ఇప్పటికీ వదలలేదు. కొన్ని ఊళ్లలో శ్మశానానికి అడ్డుగా ముళ్లకంపలు వేశారు. మోయడానికి నలుగురు దొరకక జేసీబీ యంత్రాలతో దేహాలను తరలించిన సంఘటనలు వార్తలలోకెక్కాయి. ముస్లిములకు గుసుల్ లేకపోవడం, క్రైస్తవులకు చర్చిలో తుది ప్రార్థన లేకపోవడం ఇటువంటి లోటులే. ఇదే కాలంలో కులమతాలు చూడకుండా, ముక్కూ ముఖమూ ఎరుగనివారి శవాలను మోసి, వారివారి ఆచారం ప్రకారం సాగనంపిన యువకులు కూడా అనేక పట్టణాలలో ఉన్నారు.

మరణించిన ఇంటికి పరామర్శకు వెళ్లడం తెలుగువారి సంప్రదాయం. వచ్చిన ప్రతివారూ ‘ఎట్లా జరిగింది?’ అని అడుగుతారు. ఇంటివారు మొదటినుండి చెబుతారు. పదిమందికి పదిసార్లు చెప్పేసరికి జరిగినది జరిగిపోయినదని మనసు మెల్లగా అంగీకరిస్తుంది. పెద్దకర్మనాటికి ఆ కథకు ఒక రూపం ఏర్పడుతుంది. కరోనా కాలంలో అడగడానికి వచ్చేవారు లేరు. అంతకంటె విషాదమేమంటే, చెప్పడానికి కథే లేదు. చివరి గంటలలో ఏమి జరిగిందో, దాహమని అడిగాడో, ఎవరినైనా తలచుకొన్నదో ఎవరికీ తెలియదు. వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలను పరిశీలించిన అమెరికన్ పరిశోధకురాలు పాలీన్ బాస్ ఇటువంటి స్థితిని అస్పష్ట వియోగం అన్నారు. దేహం కనపడనప్పుడు మనసు ముగింపును నమ్మదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది.

ఎంతమంది మరణించారన్న లెక్క కూడా వివాదగ్రస్తమే. ప్రభుత్వ గణాంకాలలో భారతదేశంలోని కరోనా మరణాలు 5 లక్షల 30 వేలకు పైబడినవి. 2020, 2021 సంవత్సరాలలో దేశంలో సంభవించిన అధిక మరణాలు దాదాపు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా వేసింది. భారత ప్రభుత్వం ఆ పద్ధతిని అంగీకరించలేదు. ఈ తేడా పండితుల వాదం మాత్రమే కాదు. సుప్రీంకోర్టు ఆదేశాల ఫలితంగా 2021లో మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం నిర్ణయమైనప్పుడు, పరీక్ష జరగకుండా ఇంట్లోనే ప్రాణం విడిచినవారి భార్యాబిడ్డలు ఏ కాగితం చూపాలో తెలియక తిరిగారు. వారికి పరిహారం ఎంత ముఖ్యమో, తమవాడు ఏ జబ్బుతో పోయాడో ఒక పత్రంలో నమోదు కావడం అంతే ముఖ్యం.

బ్రతికి బయటపడినవారిలోనూ కొందరి బాధ ఆరలేదు. నెలల తరబడి అలసట, ఆయాసం, మతిమరపు వేధించాయి. పరీక్షలు బాగున్నవి గనుక అంతా మనోభ్రాంతి అని కొట్టిపారవేసినవారు ఉన్నారు. ఆ వ్యాధికి ‘లాంగ్ కోవిడ్’ అన్న పేరు పెట్టినది వైద్యులు కాదు, రోగులే. ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరెగో 2020 మేలో తన అనుభవాన్ని చెబుతూ వాడిన మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి నిర్వచనం ఇచ్చినది 2021 అక్టోబరులో.

లండనులో థేమ్స్ నది ఒడ్డున, పార్లమెంటు భవనానికి ఎదురుగా ఉన్న పొడవాటి గోడమీద 2021 మార్చి చివరినుండి మృతుల కుటుంబాలవారు ఎర్రని హృదయాకారాలను చిత్రించారు. ఒక్కొక్క మృతునికి ఒక్కటి. ఎండకు, వానకు రంగు వెలిసిపోతుంటుంది. స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి మళ్లీ దిద్దుతుంటారు. తెలుగునాట అటువంటి గోడ లేదు. ఇక్కడ చాలా కుటుంబాలు సంవత్సరీకం కోసం ఎదురుచూశాయి. ఆంక్షలు సడలిన తరువాత వచ్చిన ఆ తిథికి, అంత్యక్రియలకు రాలేకపోయిన బంధువులందరినీ పిలిచారు. ఏడాది క్రితం అడగవలసిన ప్రశ్నను వారు అప్పుడు అడిగారు. ఇంటివారు తమకు తెలిసినంతవరకు, అంబులెన్సు వచ్చినప్పటినుండి, చెప్పడం మొదలుపెట్టారు.