గడీలో అడుగుపెట్టిన పాటగాడు

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో సారంగపాణి అనే సంగీతజ్ఞుడు బతుకుతెరువు వెతుక్కుంటూ విజయవాడ వైపు నుంచి నిజాం రాజ్యంలోని ఒక పల్లెకు వస్తాడు. ఆ ఊళ్లో దేశ్‌ముఖ్ రామారెడ్డి మాటకు ఎదురులేదు. కరణం వెంకట్రావు రాతకు తిరుగులేదు. పాటగాడికి దొర గడీలో చోటు దొరుకుతుంది. అక్కడి నుంచి వెట్టిచాకిరీ, భూముల ఆక్రమణ, దొర కూతురు మంజరి, ఆడబాపగా పిలిచే దాసి వనజ, అందరి బతుకులూ అతని కళ్ల ముందే నడుస్తాయి. 1969లో వెలువడిన ఈ నవలకు 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తర్వాత సినిమాగానూ వచ్చింది.

సాహిత్య విమర్శలో ఇన్ని ధోరణులు ఎందుకని సామాన్య పాఠకులు విసుక్కుంటారు. ఈ నవల మీద ఒక్క ప్రశ్న వేసి చూస్తే జవాబు దొరుకుతుంది. తెలంగాణ పల్లె కథ చెప్పడానికి పొరుగు ప్రాంతం మనిషి ఎందుకు కావలసి వచ్చాడు?

రూపవాద విమర్శకుడు దీన్ని శిల్పం సంగతిగా చూస్తాడు. ఊళ్లో పుట్టి పెరిగినవాడికి వెట్టి రోజూ చూసేదే, దాని గురించి ఆగి ఆలోచించడు. కొత్తగా వచ్చినవాడు మాత్రం ప్రతిదాని దగ్గరా ఉలిక్కిపడతాడు, అడుగుతాడు. అతనితో పాటు పాఠకుడూ తెలుసుకుంటాడు. అలవాటు వల్ల కంటికి ఆనకుండా పోయినదాన్ని మళ్లీ కొత్తగా చూపించడమే కళ చేసే పని అని రష్యన్ విమర్శకుడు విక్టర్ ష్క్లోవ్‌స్కీ 1917లో వాదించాడు. టాల్‌స్టాయ్ ఒక కథను గుర్రం చేత చెప్పించాడు. మనుషులు 'నాది, నాది' అని ఎందుకంటారో ఆ గుర్రానికి ఎంతకీ అర్థం కాదు. ష్క్లోవ్‌స్కీ చూపిన ఉదాహరణల్లో అదొకటి. దొర నోట 'నాది' అన్న మాట ఎంత దూరం పోతుందో, మనుషుల్ని కూడా ఎలా కలుపుకుంటుందో సారంగపాణి వెంట నడిచే పాఠకుడికీ అలాగే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మార్క్సిస్టు విమర్శకుడికి శిల్పం ఒక్కటే చాలదు. భూమి ఎవరి చేతిలో ఉంది, చాకిరీ ఎవరిది, కరణం దస్త్రం ఎవరి పక్షాన మాట్లాడుతుంది అని అడుగుతాడు. నిజాం పెద్ద దేవుడైతే ఊరూరా వెలసిన ఈ దొరలు చిల్లర దేవుళ్ళు. నవల పేరులోనే ఆ అధికారపు మెట్లున్నాయి. మార్క్సిస్టు విమర్శకుడికీ సారంగపాణి అవసరమే. హంగరీ విమర్శకుడు గ్యోర్గి లూకాచ్ 1937లో చారిత్రక నవల మీద రాసిన గ్రంథంలో వాల్టర్ స్కాట్ నాయకులను పరిశీలించాడు. వాళ్లు మహావీరులు కారు, రెండు పక్షాల మధ్య నిలబడే మామూలు మనుషులు. అందుకే వాళ్ల ద్వారా రెండు శిబిరాలూ పాఠకుడికి తెలుస్తాయి. గడీ లోపలికీ వాడలోకీ వెళ్లగలిగిన పాటగాడు సరిగ్గా అలాంటివాడే.

ప్రాంతీయ దృష్టి ఉన్న విమర్శకుడు ఇక్కడే అడ్డుపడతాడు. తెలంగాణ గోస చెప్పడానికి కోస్తా కళ్లు కావాలా? నవల వచ్చిన 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సంవత్సరం కూడా. ఈ ఆక్షేపణలో బలం ఉంది. కానీ రంగాచార్య బయటివాడు కాదు. 1928లో చిన్నగూడూరులో పుట్టి, నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్నవాడు. చూపు పొరుగువాడిదైనా పలుకు ఊరిదే. ఉర్దూ కలగలిసిన తెలంగాణ మాటను పాత్రల నోట యథాతథంగా పలికించడమే ఆ ఆక్షేపణకు నవల ఇచ్చే గట్టి జవాబు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న స్త్రీవాదులది. ఆడబాప అంటే దొరసాని పెళ్లయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు అరణంగా వెంట పంపే దాసి. ఆమె ఒంటి మీద కూడా దొరకే హక్కు. నవల ఈ దుర్మార్గాన్ని బట్టబయలు చేసింది, సందేహం లేదు. అయినా వనజ తన గురించి తాను చెప్పుకున్నది ఎంత, ఇతరులు ఆమె మీద జాలిపడింది ఎంత? ఈ తేడా చిన్నది కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ కథలు తామే చెప్పుకున్నారు. పోరాటం ముగిశాక తమను ఇళ్లకు పొమ్మన్నారన్న బాధ అందులో వినిపిస్తుంది. ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన సూసీ తారు, కె. లలితతో కలిసి 1991, 1993ల్లో రెండు సంపుటాలుగా భారతీయ స్త్రీల రచనలను సంకలనం చేశారు. ఆ కృషి తర్వాత వనజను పాత పద్ధతిలో చదవడం కుదరదు.

దళిత విమర్శ ఇదే ప్రశ్నను కులం వైపు తిప్పుతుంది. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) పక్కన పెట్టి చదివితే, బాధితుల గురించి చెప్పడానికీ బాధితులే చెప్పడానికీ మధ్య దూరం తెలుస్తుంది. మనోవిశ్లేషణకు మాత్రం ఇక్కడ పెద్దగా పని లేదు. దాన్ని బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లోని దయానిధి కోసం దాచుకోవడం మేలు.

ఇక పాఠకుడి స్థానం. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వచ్చాక కీసర చుట్టూ చేలు ప్లాట్లయ్యాయి. అక్కడ పొలం పోయిన రైతు కొడుకు కరణం దస్త్రం గురించి చదివినప్పుడు కలిగే కోపం, ఉప్పల్‌లో అద్దె ఇంట్లో ఉంటూ చదివే ఉద్యోగికి కలగకపోవచ్చు. ఆ తేడానూ విమర్శ లెక్కలోకి తీసుకుంటుంది.

'చిల్లర దేవుళ్ళు' ఇప్పటికే చదివినవారు ఈసారి సారంగపాణిని వదిలేసి వనజ వెంట మాత్రమే నడుస్తూ చదవండి. ఆమె మాట్లాడిన పేజీలకు గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత 'మనకు తెలియని మన చరిత్ర' తెరవండి.