నక్షత్రాల పోటీ

సంక్రాంతికి మన పల్లెల్లో ముగ్గుల పోటీలు పెడతారు. అమెరికాలో క్రిస్మస్ నెలలో ఒక లెక్కల పోటీ పెడతారు. దాని పేరు అడ్వెంట్ ఆఫ్ కోడ్. 2015లో ఎరిక్ వాస్టల్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. ఇంటర్నెట్‌లో జరుగుతుంది కాబట్టి ఏ దేశం వారైనా ఇంట్లో కూర్చుని ఆడవచ్చు. రుసుము లేదు.

పేరు ఎలా వచ్చింది?

క్రిస్మస్ ముందు రోజులను అడ్వెంట్ అంటారు. ఆ రోజుల్లో కొందరి ఇళ్లలో చిన్న చిన్న తలుపులున్న అట్ట క్యాలెండర్ ఉంటుంది. పిల్లలు రోజుకో తలుపు తీస్తారు. లోపల బొమ్మో, మిఠాయో ఉంటుంది. ఈ పోటీలో మిఠాయికి బదులు రోజుకో చిక్కు లెక్క ఉంటుంది.

ఎలా ఆడాలి?

లెక్కను ఒక కథలాగా ఇస్తారు. చేత్తో చెయ్యాలంటే చాలా రోజులు పడుతుంది. అందుకని కంప్యూటర్ చేత చేయిస్తారు. కంప్యూటర్ ఏం చెయ్యాలో వరసగా రాసి ఇవ్వాలి. ఆ రాతను ప్రోగ్రాం అంటారు.

ప్రతి లెక్కకూ రెండు భాగాలు. మొదటిది చేస్తే ఒక నక్షత్రం వస్తుంది. అప్పుడే రెండోది తెరుచుకుంటుంది. అదీ చేస్తే ఇంకో నక్షత్రం. జవాబు తప్పితే మార్కులు పోవు. కాని మళ్లీ జవాబు ఇవ్వడానికి కాసేపు ఆగాలి. అందరికీ ఒకే అంకెలు ఇవ్వరు. కాబట్టి పక్కవాళ్ల జవాబు చూసి రాస్తే కుదరదు.

మార్కులు ఎలా వేస్తారు?

స్నేహితులు కలిసి ఒక జట్టు పెట్టుకోవచ్చు. జట్టులో పదిమంది ఉన్నారనుకుందాం. ఒక నక్షత్రం ముందుగా తెచ్చుకున్న వారికి 10 మార్కులు. రెండోవారికి 9. మూడోవారికి 8. అలా తగ్గుతూ పోతుంది. ఆఖరున చేసినవారికి కూడా 1 మార్కు ఉంటుంది. చెయ్యని వారికే సున్నా.

ఒకామె మొదటి భాగంలో ముందు వచ్చింది, రెండో భాగంలో మూడోది అయింది. ఆమెకు 10, 8 కలిపి 18. ఇంకొకామె మొదటి భాగంలో రెండోది, రెండో భాగంలో ముందు. ఆమెకు 9, 10 కలిపి 19. ముందు పరుగెత్తిన ఆమె ఒక్క మార్కు తేడాతో వెనకబడింది.

తొందర తెచ్చిన తంటా

2024 దాకా ప్రపంచం మొత్తానికీ ఒక పట్టిక ఉండేది. ప్రతి నక్షత్రానికీ మొదటి వందమందికే మార్కులు. మొదటివారికి 100, నూరోవారికి 1. నూటొకటో వారికి ఏమీ లేదు. లెక్క అమెరికాలో అర్ధరాత్రి తెరుచుకుంటుంది. అప్పుడు మనకు ఉదయం పదిన్నర. పనికి పోయేవారు ఆ వేళకు ఎలా కూర్చుంటారు?

పేరు కోసం కొందరు దారి తప్పారు. బుర్ర పెట్టకుండా, కృత్రిమ మేధ యంత్రంతో జవాబు రాయించారు. అలా చెయ్యవద్దని నిర్వాహకులు కోరినా వినలేదు. కొందరైతే పోటీ సైటునే ఆపెయ్యాలని దాడి చేశారు.

అందుకే 2025లో ప్రపంచ పట్టికను తీసేశారు. లెక్కలు కూడా 25 నుంచి 12కు తగ్గాయి. అంటే ఆ ఏడు 24 నక్షత్రాలు. జట్ల పట్టికలు మాత్రం ఉన్నాయి. పాత ఏళ్ల లెక్కలు కూడా తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు. ఆలస్యంగా చేసినా నక్షత్రం నక్షత్రమే. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

లెక్క కట్టండి

జట్టులో ఎనిమిదిమంది ఉన్నారు. ఒకాయన మొదటి భాగంలో రెండోవాడు. రెండో భాగంలో అయిదోవాడు. ఆయనకు మొత్తం ఎన్ని మార్కులు?